కర్టెన్ రాడ్డులో ఏడో అధ్యాయం

మాస్టారని పిలిచినా ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. వారపత్రికలో హత్యల సీరియళ్ళు రాస్తాడు కనుక, ఆ నాలుగంతస్తుల భవనంలో అందరికీ ఆయన మర్డర్ మాస్టారు. కథలకు ముఖాలు మెట్ల మీదే దొరుకుతాయి. మెత్తగా నవ్వే పళ్ళ డాక్టరు ఆయన కథలో విషం పెడతాడు. గుడ్లురిమే వాచ్‌మన్ చివరికి అమాయకుడని తేలతాడు. దొంగలా కనిపించేవాడు దొంగ కాడన్న ఆ ఒక్క నీతి మీదే ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఆయనకో పద్ధతి ఉంది. ఇంట్లో చేసి చూడనిదే ఏ నేరాన్నీ రాయడు. ఉరి బిగించాలంటే దిండుకు బిగిస్తాడు. కిటికీ దూకాలంటే, పాపం, దూకుతాడు.

వేసవిలో ఆయన భార్య ఉంగరం పోయింది. చనిపోయిన అమ్మ గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. రెండు రోజులు ఇల్లంతా వెతికింది. మూడోరోజు వెతకడం మానేసి ఊరికే కూర్చుంది. ఆ కూర్చోవడాన్ని మాస్టారు చూడలేకపోయాడు. ఎవరో ఒకరు తీసి ఉండాలి. వంటమనిషి ఉంది. చూపు నిలవదు, మాట తడబడుతుంది, చేతిలో ఎప్పుడూ బరువైన సంచి. ఆయన ఇరవై ఏళ్ళ నీతి ఆ పూట పత్రికలోనే ఉండిపోయింది.

రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె సంచి బల్ల మీద బోర్లించింది: చెప్పుల జత, దువ్వెన, సగం అల్లిన స్వెటర్. తెలివైన దొంగ సంచి చూపించడానికి వెనుకాడడు కదా అనుకున్నాడు మాస్టారు. వారం తిరక్కుండా అదే భవనంలో ఆమె వంట చేసే మిగతా మూడిళ్ళూ తలుపులు మూసేశాయి.

నెల తర్వాత పుస్తకం ప్రూఫులు వచ్చాయి. దిద్దుకుంటూ ఏడో అధ్యాయానికి వచ్చాడు. "చేతికి తొడుగు వేసుకున్న ఆ మనిషి ఉంగరాన్ని కర్టెన్ రాడ్డు గొట్టంలోకి జార్చి, చివర మూత బిగించాడు." వాక్యం బాగుందనుకున్నాడు. తర్వాత ఎర్రపెన్ను కింద పెట్టి కుర్చీ ఎక్కాడు.

ఉంగరం గొట్టంలోంచి దొర్లి చేతిలో పడింది. నేరం చేసి చూశాడు, చక్కగా కుదిరింది, ఆ ఊపులో రాయడానికి కూర్చున్నాడు. తీయడం మరిచాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగను ప్రూఫులు పట్టుకున్నాయి.

భార్య ఉంగరం తొడుక్కుని చాలాసేపు వేలు చూసుకుంది. ఆమె అన్నది ఒక్కటే: "ముందు వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకురండి."

వంటమనిషి ఆయన్ను గడప బయటే నిలబెట్టి అంతా విన్నది. ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు తొడుగులేసుకుని పిల్లిలా నడుస్తుంటే వంటింట్లోంచి చూశానయ్యగారూ."

"మరి చెప్పలేదేం?"

"ఇంటాయనే ఇంట్లో దొంగతనం చేశాడని వంటమనిషి చెబితే ఎవరు నమ్ముతారు? మీ పుస్తకంలో అయితే నమ్ముతారు."

మళ్ళీ రావడానికి ఒకే షరతు పెట్టింది. ఆ మూడిళ్ళకూ తనతో వచ్చి, ఆయన నోటితోనే నిజం చెప్పాలి.

మొదటి ఇంటావిడ మురిసిపోయి, "భలే మలుపు అన్నయ్యగారూ, వచ్చే సంచికలోనేనా?" అంది. రెండో ఇంటాయన ఆయన్ను పక్కకు పిలిచి, ఒక వంటమనిషి కోసం నింద నెత్తిన వేసుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలో చెప్పి చేయి నొక్కాడు. వాళ్ళు కదలగానే తలుపు గడియ మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు.

మూడో తలుపు ముందు మాస్టారు గొంతు సవరించుకుంటుంటే వంటమనిషి ఆపింది.

"మీరొద్దు. మీరు చెబితే కథలా ఉంటోంది. నేను చెప్తాను. మీరు చేతులు కట్టుకుని తలొంచుకోండి. ఆ, అలా. చూపు నేల మీద."

మాస్టారికి నటించాల్సిన అవసరం రాలేదు.

తలుపు తెరిచిన ఇంటావిడ వంటమనిషి వైపు చూడనైనా లేదు. ఆమె నోరు విప్పకముందే మాస్టార్ని ఎగాదిగా చూసి, "అయ్యో, తీసింది మీరా!" అంది.