కోట కాపలా, నాలుగుంపావు వరకు

"ఖాలా, హోల్డ్ ద ఫోర్ట్!" అని అరిచి మా చెల్లెలి కూతురు సబీనా ఆటో ఎక్కింది. లోపల ఆమె అక్క ఫర్హా పురిటి నొప్పులతో ఉంది; పక్కన తండ్రి లతీఫ్, మెడలోని టేపు తీయడం కూడా మరచి. వన్‌టౌన్‌లోని వారి యూనిఫాం టైలరింగ్ దుకాణంలో నేనొక్కదాన్ని మిగిలాను.

ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించాను. సేనాపతి లేని వేళ కోటను శత్రువు పాలు కానీయకుండా నిలపడం 'హోల్డ్ ద ఫోర్ట్' అన్న మాటకు అర్థం. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని టీ తాగేవారు కూడా దాన్ని వాడుతున్నారు, నాకది గిట్టదు. నాకు అప్పగించినది కాపలా, కుట్టుపని కాదు. ఆ హద్దు నిర్ణయించుకుని కుర్చీలో కూర్చున్నాను.

మూడింటికి కామరాజు వచ్చాడు. ఉక్కునగరం బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడట. ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో తొలిసారి ముందు వరుసలో నడవబోతున్నాడు.

"అమ్మగారూ, నా తెల్ల డ్రెస్ ఇచ్చీండి, ఎల్లిపోతాను."

ఒంటి మీద వేసి చూడనిదే బట్ట గడప దాటకూడదన్నది లతీఫ్ నియమం. ప్యాంటు అంచు ఆ తరువాతే మడుస్తాడు. వేసుకోమన్నాను. ప్యాంటు కాళ్లు నేలను ఊడ్చాయి.

"ఇదేటమ్మా! ఇలగెల్తే మా మేస్టరు నన్ను ఎనక్కి తోసేత్తాడు. గంటలో బయల్దేరాల. మిషన్ తొక్కలేరా?"

"రాదు. నేను కాపలా మాత్రమే."

"దేనికమ్మా కాపలా? దొంగలొచ్చి బొత్తాలెత్తుకెల్తారనా?"

కోపం వచ్చింది, అతడన్నది సబబు కనుక మరింత వచ్చింది. తలుపులు మూసినంత మాత్రాన కోట నిలవదు. దాన్ని నమ్మి వచ్చినవాడు నిలవాలి. ఇన్నేళ్లుగా తరగతిలో సగం అర్థమే చెప్పాను.

సుద్దతో గీత గీశాను. మిషన్ రాకపోయినా చేతికుట్టు వచ్చు. కుట్ల నడుమ దూరం సమానంగా లేదని మొదటి కాలు రెండుసార్లు విప్పాను. లతీఫ్ లుంగీ చుట్టుకున్న కామరాజు గడియారం చూస్తూ విలవిల్లాడాడు.

"సాలమ్మా, ఎవుడు సూత్తాడు!"

"నేను చూస్తాను. కూర్చో."

నాలుగుంపావుకు అతడు అద్దం ముందు నిలబడ్డాడు. అంచు బూటును తాకీ తాకనట్టు నిలిచింది.

"ఇంక ముందు నడిసేది నానే!" అంటూ దుకాణం మెట్ల మీదే క్లారినెట్ ఎత్తుకున్నాడు. వీధి వీధంతా తల తిప్పింది. ఆ మోతలోనే నా ఫోను మోగింది.

"ఖాలా, ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు! ఆ సౌండేటి? మన ఫోర్ట్ ఉందా?"

"ఉంది. ఒక ప్యాంటు మాత్రం రెండంగుళాలు తగ్గింది. కుట్లలో తప్పుంటే వచ్చి చూపించమను, మీ అబ్బాని."