మల్‌సున్ అక్క పట్టిన చెయ్యి

బూసాన్ రేవు వెనకాల చేపముద్దల ఫ్యాక్టరీలో ఆడవాళ్లు పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, ఆప్రాన్లు కట్టుకుని, చివర్న మణికట్టుకి కంపెనీ పట్టీ పెట్టుకునేవాళ్లు. "మీ ఆరోగ్యం కోసమే" అని ఇచ్చారు దాన్ని. గుండె ఎలా కొట్టుకుంటోందో, ఒళ్లు వెచ్చబడిందో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, అంతా గూ మేనేజర్ గదిలో తెరమీద కనబడేది.

చేపలు కోసే బల్ల దగ్గర అందరికంటే పెద్దది మల్‌సున్. ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ల నాడి ఆవిడలోకి వచ్చేది. రెండో చెయ్యి పట్టుకున్నవాళ్లకీ జలుబులా అంటుకునేది. ఎవరింట్లో చావు జరిగినా ఆవిడకి కబురు వెళ్లేది. ఒక చేత్తో నిద్రపోతున్న పసిబిడ్డనీ, రెండో చేత్తో ఏడ్చేవాళ్లనీ పట్టుకుని కూర్చునేది.

ఒకరోజు యోన్‌జు, బల్ల దగ్గర అందరికంటే చిన్నది, మేనేజర్ గదిలోంచి పాలిపోయి వచ్చింది.

"ఏమైందే?" అంది మల్‌సున్.

"కడుపుతో ఉన్నానట అక్కా. పట్టీ చెప్పిందట. నాకే తెలీదు, మా ఆయనకీ తెలీదు. అభినందనలు చెప్పి, ఈ నెలతో కాంట్రాక్టు సరి అన్నాడు. తడినేల నా ఆరోగ్యానికి పడదట."

మల్‌సున్ కత్తి కింద పెట్టింది.

"కడుపు నీది, కబురు వాడిదా?"

చేతులు కడుక్కుని యోన్‌జు చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి పక్కామెకి చాచింది. ఆమె ఇంకొకామెకి. ప్యాకింగు దాకా చేతులు కలిశాయి. ముద్దలు పేరుకుపోయి నేలమీద పడుతున్నా ఎవరూ వదల్లేదు.

తెరమీద అందరి పట్టీలూ యోన్‌జు కబురే చెబుతుంటే గూ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటీ వేళాకోళం? అందరూ గర్భిణులేనా?"

"మీ పట్టీ అబద్ధం చెప్పదన్నారు కదండీ. ఈ వయసులో నా మనవడికి మొహం ఎలా చూపించను?" అంది మల్‌సున్. ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"పట్టీలు తీసి పనిలోకి వెళ్లండి!"

"ముందు మా అందర్నీ పని మానిపించండి. లేదా ఈ పిల్లనీ ఉంచండి. ఒకే నాడికి రెండు న్యాయాలా?"

వరస చివరామె చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. అతనికీ ఉంది పట్టీ, దాని కబుర్లు హెడ్డాఫీసుకి వెళ్లేవి. అది కుయ్యిమంది. మరుక్షణం జేబులో ఫోను మోగింది. హెడ్డాఫీసు.

"గూ గారూ, మీ ఆరోగ్యం గురించి ఒకసారి మాట్లాడాలి. రేపు రాగలరా?"

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. చెయ్యి విడిపించుకోవాలనీ తోచలేదు.

ఆ మధ్యాహ్నమే యోన్‌జు కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద అతని సంతకం పడింది. పట్టీలన్నీ చేపతలల డబ్బాలోకి వెళ్లాయి. మేనేజర్ తనదీ అందులోనే పడేశాడు.

సాయంత్రం యోన్‌జు ఇంటికెళ్లి, అన్నం వడ్డిస్తున్న భర్త చేతిలోంచి గరిటె లాక్కుంది.

"పట్టీ ఊరంతా కూసింది సరే. ఇప్పుడు నేను చెబుతున్నాను, విను."