నీవెస్ బట్టలు

నాకు నోరెక్కువని కొండమీద అందరూ అంటారు. అననీ. ఆ నోరుండి కూడా మా తమ్ముడి కూతుర్ని దక్కించుకోలేకపోయాను.

మూడో ఏట నీవెస్‌కి పుట్టువెంట్రుకలు తీశాం. మొదట కత్తెర వేసిన పెద్దమనిషి రివాజు ప్రకారం గొర్రెలా ఉన్నినిచ్చే ఓ ఆడ ఆల్పాకా పిల్లనిచ్చాడు. ఇక దానికి పుట్టే మందంతా నీవెస్‌దే. ఆ తెల్ల ఆల్పాకాను నీవెస్ ఒక్క క్షణం వదిల్తే ఒట్టు.

వానలకు దొడ్డంతా పేడా బురదా ఏకమై, ఆల్పాకా పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మా మరదలు ఎసేబియా దాన్ని వంటింట్లో పిడకల పొయ్యి పక్కకు చేర్చింది. నీవెస్ దాని మెడ కావిలించుకుని పడుకునేది. ఆ వెనకే నీవెస్‌కీ అవే నీళ్ల విరేచనాలు.

"చూశావా వదినా, బిడ్డ ప్రాణం దాంతో ముడిపడి ఉంది. దాన్ని లేపితే ఇదీ లేస్తుంది," అంది ఎసేబియా. మావాళ్లంతా అనేమాటే అది.

నేను వినలేదు. కొండ దిగి ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాను. అంతా విని నర్సమ్మ తిట్టినంత పని చేసింది.

"పాపనీ దాన్నీ ఒకచోట పడుకోబెడతారా? దాని కడుపులో పురుగే పాపకీ పట్టింది. ఒకే కణం ఉన్న జీవి, కంటికి కనబడదు. పేడలోంచి చేతికి, చేతినుంచి నోటికి. ఈ ఉప్పూ చక్కెర పొట్లాలు కాచిన నీళ్లలో కలిపి దారంతా పట్టిస్తూ పాపను ఇవాళే తీసుకురా. సెలైన్ ఎక్కించాలి."

పొట్లాలు ఎసేబియా చేతిలో పెట్టి, అంతా చెప్పి, గుర్రం అడగడానికి పక్కింటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పొట్లాలు కలిపిన నీళ్లు దాదాపు అన్నీ ఎసేబియా ఆల్పాకా నోట్లో పోసేసింది!

"ఒసే పిచ్చిదానా, ఎంత పని చేశావే!"

"ఇద్దరిదీ ఒకటే జబ్బని నువ్వేగా అన్నావు వదినా? ముందు దాన్ని లేపుదామని..."

తిట్టడానికి కూడా టైం లేదు. బిడ్డను దుప్పట్లో చుట్టి గుర్రమెక్కాను. "అత్తా, దాహం," అంది నీవెస్. ఆ నీళ్ల సీసాలో అడుగున మిగిలిన గుక్కెడు పట్టాను. సగం దారిలో నా ఒళ్లోనే పోయింది.

ఇంటికి తిరిగొస్తే ఆల్పాకా పిల్ల లేచి నిలబడి పాలు తాగుతోంది.

పోయినవాళ్ల బట్టలు అయిదో రోజున వాగులో ఉతకడం మా ఆచారం. ఎసేబియా మూటతో బయల్దేరింది. దారికి అడ్డం నిలబడ్డాను.

"వాగులో వద్దు. కిందిళ్ల పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. ఇక్కడే ఉడకబెడదాం."

"పారే నీళ్లు తగలకపోతే దాని ఆత్మ ఎలా వెళ్తుంది వదినా? నా బిడ్డ బట్టలు విషమా?"

చుట్టాలంతా నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూశారు. నేను కదల్లేదు. వాగుకు దూరంగా పొయ్యి పెట్టి, పెద్ద కుండలో నీళ్లు మరిగించాను. ఎసేబియా ఏడుస్తూ ఒక్కో గుడ్డా వేసింది. చివర్న చిన్న మేజోడొకటి రవికలో దోపుకోబోయింది.

"ఇదొక్కటీ ఉండనీ. దీనికింకా దాని వాసనుంది."

 ఎసేబియా చెయ్యి మెలిపెట్టి లాక్కుని, మరుగుతున్న నీళ్లలో పడేశాను.

కిందిళ్లలో ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. ఎసేబియా మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడదు.