దొర గదిలో కూర్చోబెట్టిన సినిమా

ఒకమ్మాయి తెల్లారితే కాలేజీలో ఒక దెయ్యం సినిమా మీద పత్రం చదవాలి. బానిసల్ని కొనుక్కున్న దొర కథ అది. సినిమా మనల్ని దొర పక్షాన నిలబెడుతుందని ఆమె వాదన. "సిద్ధాంతం సరే, ఒక్కరికైనా అలా అనిపించిందా?" అని మాస్టారు అడ్డు తగిలారు. అందుకని స్టీలు సామాన్ల కొట్టు నడిపే తన పిన్నికి ఏమీ చెప్పకుండా సినిమా వేసి చూపించింది.

తెర మీద, చచ్చి దెయ్యమైన బానిస పిల్ల మెట్లెక్కి దొర గదికేసి వస్తోంది. పిన్ని దిండు వాటేసుకుని, "గడియ పెట్టుకో నాయనా!" అని కేక పెట్టింది.

అమ్మాయి సినిమా ఆపింది. "ఎవరికి చెప్తున్నావు పిన్నీ? దాన్ని చంపించింది వాడే కదా!"

పిన్ని దిండు పక్కన పెట్టింది. బేరంలో ఎవరికీ లొంగని మనిషి, అడక్కుండానే దొర పక్షం చేరిపోయింది. కొట్లో అయితే, సరుకు తెచ్చినవాళ్లు సొట్ట కనపడకుండా దాన్ని ఎటు తిప్పి చూపిస్తున్నారో ముందు అదే కనిపెడుతుంది. ఇప్పుడు తెరను అలాగే చూసింది.

"మొదట్నించీ మనల్ని వాడి గదిలోనే కూర్చోబెట్టారే! ఆ పిల్లని గుమ్మంలోంచే తప్ప చూపించలేదు."

"ఇది రాసుకోనా?"

"నా కేక కూడా రాసుకో. మీ మాస్టారికి నేనే సాక్ష్యం. ముందు సినిమా మొదటికి తిప్పు, ఈసారి ఆ పిల్ల వెనకాలే మెట్లెక్కి చూస్తాను."