మూడు నోళ్లలో ఒక ఇంటిపేరు

కంటి ఆసుపత్రిలో రోగులను మైకులో పిలిచే ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎంత నోరు తిరగని పేరైనా ఆమె నోట మంచినీళ్లు తాగినంత తేలిగ్గా పలుకుతుంది.

కంటిపాప లోపాలు చూసే పెద్ద డాక్టరమ్మ నెలకొక్క గురువారమే వస్తుంది. ఆ గురువారం మైకమ్మ చేతికి వరసగా మూడు కార్డులు వచ్చాయి. మూడింటి మీదా ఒకే ఇంటిపేరు, ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా ఒకే స్పెల్లింగు. కంప్యూటరుకు మతిపోయి ఒకే కార్డును మూడుసార్లు కక్కిందనుకుని, "జోళివ గారూ!" అని పిలిచింది.

కుట్టుపని చేసుకునే ఒకావిడ లేచి వచ్చింది.

"ఈ మూడూ మీవేనామ్మా?"

"అయ్యో, కాదండీ. నాకు నలభై. ఇందులో ఒకదాని మీద డెబ్బై ఆరేళ్లని ఉంది. అప్పుడే ముసలిదాన్ని చేసేశారే!"

మళ్లీ రెండుసార్లు పిలిచినా ఎవరూ కదల్లేదు. అప్పుడు మైకమ్మకు తట్టింది. ఆ పేరు మొదట్లో ఉన్న ఇంగ్లీషు 'జె' అక్షరాన్ని కొన్ని భాషలవాళ్లు 'య' అంటారు, కొందరు 'హ' అంటారు.

"యోలివ్ గారూ!"

ఓడలో వంటచేసే భారీ మనిషి ఉలిక్కిపడి లేచాడు. "మా ఇంట్లోవాళ్లు తప్ప నన్నిలా ఎవరూ పిలవరండీ" అన్నాడు.

"హోలివా గారూ!"

వెనక బెంచీ మీంచి రిటైరైన పంతులమ్మ ఒకావిడ కర్ర ఊతంతో వచ్చింది.

ముగ్గురూ కౌంటరు ముందు నిలబడ్డారు. మైకమ్మ తలెత్తి చూసింది. ముగ్గురికీ ఎడమ కంటిపాప గుండ్రంగా లేదు. సిరా చుక్క కిందికి జారినట్టుంది.

వంటాయన పంతులమ్మ కన్ను చూసి గొంతు తగ్గించాడు. "మామ్మగారూ, మా నాన్న కన్ను అచ్చం ఇలాగే ఉండేది."

పంతులమ్మ బెంచీ వెతుక్కుని కూర్చుంది. "మా ముత్తాతకి ఇద్దరు తమ్ముళ్లట. కరువులో తలో దేశం పోయారని నాయనమ్మ చెప్పేది. మమ్మల్ని నిద్రపుచ్చడానికి అల్లిన కథ అనుకున్నాను."

డాక్టరమ్మ ముగ్గురి కళ్లూ ఒకటికి రెండుసార్లు చూసింది. "ఇది వంశంలో దిగేదే. కానీ జన్యు పరీక్ష చేయించకుండా ఖాయంగా చెప్పలేను" అంది.

నెల తిరిగేసరికి ఫలితం వచ్చింది. ముగ్గురిదీ ఒకే రక్తం.

అమ్మానాన్నలు పోయాక తనకంటూ ఎవరూ లేరనుకుని బతికిన కుట్టుపనావిడ ఆ కాగితాన్ని మడిచి గుండెకు అదుముకుంది. "మైకమ్మగారూ, మాలో ఎవరు పలికేది సరైనదండీ?" అని అడిగింది.

మైకమ్మ మైకును వాళ్లవైపు తిప్పింది. "ఒక్కసారి ముగ్గురూ అనండి, వింటాను" అంది.

అన్నారు. ఒకే పేరు మూడు చప్పుళ్లుగా లేచింది. నంబరు కోసం గొణుగుతున్న జనమంతా అటు తిరిగి చూశారు.

కుట్టుపనావిడ పంతులమ్మ పక్కన చేరి, ఆవిడలా 'హ' పలకబోయి తడబడి నవ్వేసింది.

"పెద్దమ్మా, ఇంకోసారి చెప్పవూ?"