ఎడమ పక్క మనిషి

ముందే చెప్పేస్తున్నాను, మా ఆయన ఎడమ చెవికి వినికిడి తిరిగి రాలేదు. చివర్లో ఏదో అద్భుతం జరుగుతుందని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు మాత్రం ఇది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపుమంట చల్లారేలా లేదు.

నేను నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేస్తాను. పన్నెండేళ్లుగా హెడ్‌సెట్ తగిలించుకుని జనం తిట్లు వింటున్నాను. కుళాయి రావడం లేదనీ, పైపు పగిలిందనీ, నీళ్లు వాసనొస్తున్నాయనీ. ఎవరు చేసినా, ఎంత గొంతు చించుకున్నా, మేం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎప్పటినుంచండీ?" ఆ గడి నింపితే తప్ప కంప్యూటర్ తర్వాతి పేజీకి కదలదు. నిన్నటినుంచి అంటే ఒక సంగతి, నెల నుంచి అంటే వేరే సంగతి. కొత్తగా చేరినవాళ్లకి ఈ ముక్క నేర్పేది నేనే. అలాంటిదాన్ని, నా ఇంటి సంగతికొచ్చేసరికి ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మా ఆయన ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో మెకానిక్. ఒక్కో మెషీనూ మా వంటింటంత ఉంటుంది. అది మూలిగినా దడదడలాడినా ఆయన్నే పిలుస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మెషీన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఏ బేరింగ్ అరిగిందో విప్పకుండానే చెప్పేస్తాడు. ఆ పిడి పసుపు రంగుది. మా అమ్మాయికి పళ్లొచ్చే రోజుల్లో దాన్ని కొరికి పెట్టింది, ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సెక్కుతాం. కిటికీ సీటు నాది. పెళ్లైన కొత్తలో ఇచ్చాడు, పదహారేళ్లయినా వెనక్కి తీసుకోలేదు. అంటే బస్సులో నేనెప్పుడూ ఆయనకి ఎడమ పక్కే. భోజనాల బల్ల దగ్గరా ఎడమ పక్కే, మంచం మీదా ఎడమ పక్కే. కుడి పక్క కుర్చీ అమ్మాయిది.

నాలుగో తారీఖున బస్సులో ఆయనకో మాట చెప్పాను. నన్ను షిఫ్టు ఇన్‌ఛార్జిని చేశారు. ముందురోజు సాయంత్రమే ఆర్డరు చేతికొచ్చింది. ఇంట్లో అంటే అమ్మాయి గోల చేస్తుంది, ముందు ఆయనొక్కడికే చెప్పాలని పొట్టలో దాచుకున్నాను. చెప్పి ఆయన మొహంలోకి చూశాను. ఆయన డ్రైవరు వీపు చూస్తున్నాడు. తల తిప్పలేదు, ఊఁ అనలేదు. అదే మాట రెండోసారి చెప్పడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర టీవీ మోతలో నేను ఉప్పు అందివ్వమంటే పలకలేదు. "నాన్నా, నీళ్లు" అని అమ్మాయి అంటే ఠక్కున అందించాడు. మర్నాడూ అంతే. కూతురి మాట వినపడుతుంది, పెళ్లాం మాట వినపడదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను.

మా ఆఫీసులో పక్క సీటావిడ ఫోన్లో ఒక గ్రూపు చూపించింది. దాని పేరు గుండె బరువు. పేరు కనపడకుండా కష్టం రాసుకోవచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్లు సలహా చెప్తారు. ఆరో తారీఖున రాశాను: "మొన్న బస్సులో మావారికి నా జీవితంలో పెద్ద విషయం చెప్పాను. తల కూడా తిప్పలేదు. అప్పటినుంచీ నేనేం మాట్లాడినా పలకడం లేదు. పిల్లతో మాత్రం బాగానే ఉంటాడు. నేనేం చెయ్యాలి?"

సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు జవాబులు. అందులో మా ఆయన్ని కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. 'నిజమే చెప్తా' అని పేరు పెట్టుకున్న ఒక మహానుభావుడు, "ఆయనకి బయట ఇంకెవరో ఉన్నారు, రాసిపెట్టుకోండి" అన్నాడు. దానికి తొంభై ఆరు లైకులు. అన్నిటికంటే పైకి తేలిన సలహా ఇంకోటి: "మీరూ మాట్లాడటం మానెయ్యండి అక్కా. మీ విలువ తెలిసొచ్చి ఆయనే దిగొస్తాడు." దానికి ఆరు వందలు.

ఆరు వందల మంది చెప్పాక ఇంకేం ఆలోచిస్తాం. ఏడో తారీఖు నుంచి నోరు కట్టేసుకున్నాను. ఏం కావాలన్నా అమ్మాయితో కబురే. "మీ నాన్నకి చెప్పు, బాత్రూంలో బల్బు పోయిందని." ఆయన చక్కగా బల్బు మార్చేవాడు. నాకు ఇంకా ఒళ్లు మండేది. పద్దెనిమిది రోజులు అలా గడిచాయి. రోజూ బస్సులో మాత్రం పక్కపక్కనే, బొమ్మల్లా.

ఇరవై ఐదో తారీఖు మధ్యాహ్నం, ఆఫీసులో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆ గ్రూపు తెరిచాను. ఎవరో మగమనిషి రాసిన కష్టం పైన కనపడింది. "నేను మెషీన్ల చప్పుడు విని రిపేరు చేసే మనిషిని. ఒకరోజు ఎడమ చెవికి పెట్టుకుంటే, మెషీన్ నా కళ్లముందు తిరుగుతోంది, నాకేమో ఆగిపోయినట్టుంది. పని పోతుందని భయంగా ఉంది. ఇంట్లో చెప్పాలా?"

నాకు చర్రున కోపం వచ్చింది. చెవి పోతుంటే గ్రూపులో రాసుకుంటూ కూర్చున్నాడా ఈ మనిషి. ఇంట్లో ఆవిడ ఎంత గయ్యాళిదై ఉండాలి, చెప్పుకోవడానికి ఇంత భయపడుతున్నాడంటే. గబగబా జవాబు మొదలుపెట్టాను: "ముందు మీ ఆవిడకి చెప్పండి. ఆవిడేమన్నా పులా, సింహమా?" రాస్తూ రాస్తూ, ఇంకేం చెప్పాడో చూద్దామని మిగతా సగం చదివాను.

"మా పాప చిన్నప్పుడు పంటితో గాట్లు పెట్టిన స్క్రూడ్రైవర్ పిడి అది. చెవికి ఆ గాట్లు తగులుతున్నాయి గానీ చప్పుడు తెలియడం లేదు. పైగా ఈ మధ్య మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. లేక మాట్లాడుతూనే ఉందేమో, నాకే వినపడటం లేదేమో. అదీ తెలియట్లేదు."

చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేశాను. మాట్లాడుతూనే ఉందేమో అట. పద్దెనిమిది రోజులు నేను బిగుసుకుని కూర్చుంటే, ఆ మనిషి నా పక్కన కూర్చుని నా పెదాలు కదులుతున్నాయా లేదా అని చూసుకుంటున్నాడన్నమాట.

కింద జవాబులు చదివాను. చదవకుండా ఉండాల్సింది. వెల్లుల్లి నూనె కాచి పోసుకోమని ఒకడు. గులిమి అయుంటుంది, అగ్గిపుల్లతో తియ్యమని ఒకడు. "ఇంట్లో చెప్పకండి బ్రదర్, ఆడవాళ్లు కంగారుపడి వీధంతా చాటేస్తారు" అని ఇంకొకడు, దానికి నూట నలభై లైకులు. ఇక 'నిజమే చెప్తా' గారు ఇక్కడా వేంచేశారు. "మీ ఆవిడ మాట్లాడటం లేదంటే ఆవిడకి బయట ఇంకెవరో ఉన్నారు, రాసిపెట్టుకోండి." ఒకే నోరు, ఒకే ఇంట్లో ఇద్దరికీ. వాడెవడో, ఎక్కడుంటాడో, ఏం తిని బతుకుతాడో నాకు తెలియదు. ఎదురుగా కనపడి ఉంటే ఆ రోజు చెంప పగిలేది.

అట్టడుగున ఒకే ఒక్క మనిషి, "ఇవాళే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చెయ్యకండి" అని రాశాడు. దానికి ఒక్క లైకూ లేదు. ఎవరో పళ్లికిలించిన బొమ్మ పెట్టారు. రెండు చోట్లా కలిపి వందలమంది తీర్పులు చెప్పారు గానీ, ఎప్పటినుంచి అని అడిగినవాళ్లు లేరు.

సెలవు చీటీ పక్క సీటావిడ చేతిలో పెట్టి లాండ్రీకి వెళ్లాను. లోపల ఆవిరి, తడి దుప్పట్ల వాసన, చెవులు చిల్లులు పడే మోత. ఆయన పెద్ద మెషీన్ దగ్గర మెడ ఒంకరగా తిప్పి, స్క్రూడ్రైవర్ పిడి కుడి చెవికి పెట్టుకుని ఉన్నాడు. అలవాటు లేని చెవి కదా, చెయ్యి మాటిమాటికీ జారుతోంది. నన్ను చూసి బిత్తరపోయాడు. చొక్కా పట్టుకుని బయట వరండాలోకి లాక్కొచ్చి, ఆయన కుడి పక్కకి వచ్చి నిలబడ్డాను.

"ప్రపంచంలో అందరికీ చెప్పారు. నాకు చెప్పడానికి ఏం రోగం మీకు?"

ఆయన నా చేతిలో ఫోను చూశాడు, అర్థమైంది.

"నువ్వు మాట్లాడట్లేదు కదా," అన్నాడు.

"మీరు పలకలేదని మాట్లాడలేదు."

"నువ్వు పిలిచావని నాకేం తెలుసు?"

ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. దుప్పట్ల బండి తోసుకొచ్చిన మనిషి దారి ఇమ్మని రెండుసార్లు అడిగాడు. నాకే వినపడలేదు.

గంటలో చెవి డాక్టరు ముందు కూర్చున్నాం. చిన్న వయసు పిల్ల, మొహాన విసుగు లేదు. కుర్చీలో కూర్చోగానే ఆ పిల్ల అడిగిన మొదటి మాట: "ఎప్పటినుంచండీ?"

నాకు తల కొట్టేసినట్టైంది.

"పది రోజులుంటుందేమో," అన్నాడు మా ఆయన. స్క్రూడ్రైవర్‌తో బయటపడిన రోజు నుంచి లెక్కేసుకున్నాడు. డాక్టరు రాసుకోబోతుంటే ఆపాను. ఫోను తీసి, నాలుగు వందల పన్నెండు మంది జవాబిచ్చిన నా కష్టాన్ని ఆయన ముందే పైకి చదివాను. ఆరో తారీఖున రాసింది, మొన్న అంటే నాలుగు. పరాయివాళ్ల ముందు మొగుడి మీద వేసిన నిందే మా దగ్గరున్న ఒక్క ఆధారం. ఆయన కుడి చెవి నా వైపు తిప్పి మొత్తం విన్నాడు.

డాక్టరు వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇరవై ఒక్క రోజులు. మొదటి వారం పది రోజుల్లో వచ్చుంటే చాలా నయం. మందులు మొదలుపెడదాం, ఆశ వదలొద్దు. కానీ గట్టిగా చెప్పలేనండీ."

బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాం. నా కష్టం కింద ఇంకా జనం అడుగుతున్నారు, ఏమైంది అక్కా, వదిలేశారా అని. కోపంగా రాశాను: "ఆయనకి ఎడమ చెవి పోయింది. నేను ఎడమ పక్క కూర్చుంటాను. మీరు చెప్పినట్టే మాట్లాడటం మానేశాను. మీ పుణ్యమా అని మూడు వారాలు పోయాయి."

నిమిషం కాలేదు, జవాబొచ్చింది: "నటిస్తున్నాడేమో, ఒకసారి గమనించండి అక్కా." దానికప్పుడే ఏడు లైకులు. తిట్లు నాలుక దాకా వచ్చాయి. ఎవరిని తిట్టాలి? నాలుగో తారీఖున నా పక్కనే ఉన్న మనిషి భుజం తట్టి, ఏవండీ, వినపడిందా అని ఒక్క మాట అడగలేకపోయిన దాన్ని. ఫోను సంచి అడుగున పడేశాను.

బస్సొచ్చింది. ఆయన అలవాటుగా కిటికీ సీటు వదిలి నిలబడ్డాడు. భుజం పట్టి ఆయన్నే లోపలికి తోసి, ఇవతల సీట్లో కుడి పక్క కూర్చున్నాను. పదహారేళ్లలో మొదటిసారి బస్సులో ఆయన కుడి చెంప చూశాను. అక్కడో పుట్టుమచ్చ ఉంది.

రెండు స్టాపులు దాటాక అడిగాడు. "ఇందాక డాక్టరు దగ్గర చదివావే, ఆ పెద్ద విషయం ఏంటది?"

"నన్ను షిఫ్టు ఇన్‌ఛార్జిని చేశారు."

ఆయన మొత్తం నా వైపు తిరిగాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.