బావ పోసిన చిక్కటి ఆయిల్

నేను ఒక టర్బోను. కారు బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన పెద్ద నత్తగుల్లలా కనిపిస్తాను. ఇంజిన్ వదిలేసే వేడి పొగకు నాలోని ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజిన్‌లోకి గాలిని తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైమాటే. అంత వేగంలోనూ నా ఇరుసు ఇనుముకు తగలదు. మధ్యలో పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. దాని మీద తేలుతుంటే నాకు ఒళ్ళు తెలియదు. మీరు కలలో ఎగురుతారే, అలాంటి హాయి.

పుట్టింది పుణె దగ్గర ఫ్యాక్టరీలో. మొదటి యజమాని విశాఖలో ఒక లెక్చరర్. కారు తుడవడంలో ఉన్న శ్రద్ధ ఆయనకు నడపడంలో లేదు. ఆరేళ్ళు ఆయన ఇంట్లో కునుకు తీశాను. తర్వాత పైడమ్మ చేతికి వచ్చాను. లంబసింగి వైపు కొండమీది ఆసుపత్రిలో ఆమె నర్సు. మొదటిసారి ఘాట్ ఎక్కుతూ ఆ మంచుగాలి పీల్చినప్పుడు, అప్పటిదాకా బతికింది బతుకే కాదనిపించింది.

పైడమ్మ అక్క భర్త అప్పలనాయుడికి నర్సీపట్నంలో మెకానిక్ షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్లు, లారీలు బాగుచేసిన చెయ్యి. పెరుగైనా పప్పైనా చిక్కగా ఉంటేనే ఆయనకు ముద్ద దిగేది. ఆయిల్ సంగతీ అంతే. మరదలి కారు సర్వీసుకు రాగానే ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్ది చూసి మొహం చిట్లించాడు.

“ఇదేటమ్మా, నీల్లలాగుంది! బండి పాతదైపోనాది. సిక్కటిదైతేనే బలం” అంటూ ట్రాక్టర్ల కోసం తెచ్చిన డ్రమ్ములోంచి ప్రేమగా నింపేశాడు.

“నీకు తెలీనిదేటుంది బావా” అంది పైడమ్మ.

ప్రేమతో పోసినదాన్ని కాదనడానికి నాకు నోరు లేదు. చలికాలం పొద్దున్నే ఆ ఆయిల్ పేరుకున్న నెయ్యిలా అడుగున కూర్చునేది. పైడమ్మ తాళం తిప్పగానే నేను తిరగడం మొదలెట్టేదాన్ని, అది మాత్రం తీరిగ్గా వచ్చేది. ఆ కాసేపూ ఇనుమూ ఇనుమూ రాసుకునేవి. నా కలలోకి మొదటిసారి నొప్పి వచ్చింది. ఈల వేసి చెప్పాను. “బండి పాటలు పాడతంది” అని నవ్వుకుంది ఆమె. రెండు చలికాలాలు అలాగే పాడాను.

నిండు గర్భిణి కొర్రా జ్యోతికి నొప్పులొచ్చిన ఉదయం, అంబులెన్సు ఎంతకీ రాకపోతే పైడమ్మే లోయలోని ఊరికి దిగి ఆమెను ఎక్కించుకుంది. తిరిగి ఘాట్ సగం ఎక్కామో లేదో, అరిగిపోయిన నా ఇరుసు ఊగి నాలోని చక్రం గుల్ల లోపలి గోడకు తగిలింది. నాకు ఊపిరి ఆడలేదు. ఆయిల్ కాలి వెనక నీలంపొగ. ఎంత తొక్కినా కారు పాకుతోంది. “ఓర్సుకోమ్మా, ఒచ్చీసాం” అంటోంది పైడమ్మ. ఇంకా ఏడు మలుపులున్నాయి.

బిడ్డ ఆగలేదు. రోడ్డు పక్కన, వెనక సీట్లోనే పుట్టింది. ఏడవలేదు. పైడమ్మ ఆ చిన్న వీపు రుద్దుతున్నంతసేపూ నేను చల్లారుతూ వింటున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి బిడ్డ కెవ్వుమంది.

మర్నాడు పైడమ్మ, ఆ పొగ ఎందుకొచ్చిందో చూద్దామని, కారుతో వచ్చిన పుస్తకం తీసింది. ఎనిమిదేళ్ళుగా ఎవరూ దాని మడత విప్పలేదు. టర్బో ఉన్న ఈ ఇంజిన్‌కు చలిలోనూ తేలిగ్గా పారే పల్చటి ఆయిలే పోయాలని, దాని నంబరుతో సహా అందులో ఉంది. కారును లాగించుకుని తిన్నగా షెడ్డుకు వెళ్ళింది.

“బావా, మందిచ్చే ముందు సీసా మీద రాసింది రెండుసార్లు సదువుతాను. ఈ పుస్తకం మాత్రం సదవలేదు. ఆ బిడ్డకేటైనా అయితే నానేటి సెప్పుదును?”

అప్పలనాయుడు బానెట్ ఎత్తాడు. నన్ను విప్పి ఇరుసు కదిపాడు. ఊడబోయే పన్నులా ఊగింది. కొత్త టర్బో బిగించి, డబ్బా మీది నంబరును పుస్తకంతో సరిచూసుకుని మరీ ఆయిల్ పోశాడు.

నన్ను పాత ఇనుములో పారేస్తాడనుకున్నాను. షెడ్డు కిటికీలో పెట్టాడు. గాలి వీస్తే నా చక్రం కొంచెం తిరుగుతుంది, కునుకులో మళ్ళీ ఘాట్ ఎక్కుతాను. ఎవరైనా టర్బో బండి తెచ్చి “చిక్కటిది పోసేయండి నాయుడుగారూ” అంటే, ఆయన నన్ను తీసి వాళ్ళ చేతిలో పెడతాడు.

“కదిపి సూడండి. ఇది నా సేతిలోనే పోనాది. తప్పు నాదే.”

ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. పైడమ్మ సర్వీసుకు వచ్చే రోజు మాత్రం నా మీద గుడ్డ కప్పేస్తాడు.